కొలువు విడవని సోమయాజి

కొలువు అంటే ఉద్యోగం. కొలవడం అంటే దేవుణ్ణి సేవించడం. కళ్ళంలో ధాన్యాన్ని కుంచంతో లెక్కపెట్టడాన్ని కూడా మనం కొలవడమే అంటాం. ఉద్యోగానికీ, పూజకీ, పంట లెక్కకీ మన పెద్దలు ఒకే మాటను ఎందుకు వాడుకున్నారో భాషావేత్తలు చెప్పాలి. నేను సైన్సు విద్యార్థిని. నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఈ మూడూ ఒకే మనిషిలో కుదిరిన సందర్భం మన నెల్లూరు సీమలోనే ఉంది. ఆయన పేరు తిక్కన. ఇంటిపేరు కొట్టరువు. కొట్టారు అంటే ధాన్యం నిలవచేసే కొట్టు అనీ, ఆ కొట్ల అజమాయిషీ చూసిన కుటుంబం కాబట్టి ఆ ఇంటిపేరు వచ్చిందనీ పండితులు చెబుతారు. అంటే ఆ మహాకవి ఇంటిపేరులోనే వడ్ల వాసన ఉందన్నమాట!

తిక్కన అనగానే మనకు పరీక్షలో వచ్చే ప్రశ్న గుర్తుకొస్తుంది. కవిత్రయంలో రెండోవాడు, కవిబ్రహ్మ, ఉభయకవిమిత్రుడు, పదిహేను పర్వాలు రాసినవాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తే మార్కులు పడతాయి. కాని ఆ పదిహేను పర్వాలు రాసిన మనిషి పగలంతా ఏం పని చేసేవాడు అని మనం అడగం. ఆయన ఆశ్రమంలో కూర్చున్న ముని కాదు. ఒక రాజ్యానికి మంత్రి. రాజుగారి రాయబారాలు, దాయాదుల తగాదాలు, సరిహద్దు యుద్ధాలు, పన్నుల లెక్కలు ఇవన్నీ చూసుకుంటూ యజ్ఞం చేసినవాడు, దేవుణ్ణి నమ్మినవాడు, కావ్యం రాసినవాడు. పనీ భక్తీ రెండూ ఎలా పొసగుతాయి అనే ప్రశ్నకు గీతా వ్యాఖ్యానాలు వెతికే ముందు పెన్నా ఒడ్డున బతికిన ఈ మనిషి జీవితం చూడడం మంచిదని నాకనిపించింది.

తిక్కన 13వ శతాబ్దపు మనిషి. సాహిత్య చరిత్రకారులు ఆయన జీవితకాలాన్ని సుమారు 1205 నుంచి 1288 వరకు అని చెబుతారు. తాతగారు మంత్రి భాస్కరుడు. ఈయన గుంటూరులో అధికారం చేసినవాడు, స్వయంగా కవి కూడా. ఆ భాస్కరుని కొడుకులు కేతన, మల్లన, సిద్దన, కొమ్మన. కొమ్మన, అన్నమ దంపతుల కొడుకే మన తిక్కన. ఆ కుటుంబం తర్వాత నెల్లూరు ప్రాంతానికి తరలివచ్చింది. కోవూరు దగ్గరి పాటూరు గ్రామ కరణీకం వారిదేనని చెప్పుకుంటారు. కరణాల వ్యవస్థ మన రాష్ట్రంలో 1984లో రద్దయింది కాబట్టి మా తరానికి కరణం అంటే కథల్లో మనిషే. కాని మా తాతల తరానికి కరణం కలం గీతలో బతుకంతా ఉండేది. ఏ చేనుకు ఎంత శిస్తు, ఎవరి గట్టు ఎక్కడిదాకా అనేది ఆ కలమే తేల్చేది. అలాంటి కలం పట్టిన ఇంట్లోంచి భారతం రాసిన గంటం వచ్చింది.

అప్పట్లో నెల్లూరు పేరు విక్రమసింహపురి. తెలుగు చోడరాజు మనుమసిద్ధి పాలిస్తున్నాడు. ఈయన కాలం సుమారు 1248 నుంచి 1263 వరకు. పెద్ద రాజ్యం కాదు. ఉత్తరాన కాకతీయులు, దక్షిణాన పాండ్యులు, మధ్యలో ఇంకా అనేకమంది. రెండు ఎద్దుల మధ్య ఇరుకున్న దూడ లాంటిది ఆ రాజ్యం పరిస్థితి. దాన్ని నిలబెట్టడానికి బలం ఒక్కటే చాలదు, బుద్ధి కావాలి. ఆ బుద్ధి తిక్కనది. రాజు ఆయన్ని మామా అని వరస పెట్టి పిలిచేవాడట. ఆ చనువుతోనే అడిగి నిర్వచనోత్తర రామాయణాన్ని అంకితం పుచ్చుకున్నాడు. పది ఆశ్వాసాల ఆ కావ్యంలో ఒక్క వచనం కూడా లేకుండా అన్నీ పద్యాలే నడిపించాడు తిక్కన. శ్రీరాముడి నిర్యాణం మాత్రం రాయలేదు. ఆ మిగిలిన కథను చాలా కాలం తర్వాత జయంతి రామభట్టు పూర్తి చేశాడు.

ఇంతవరకు చూస్తే తిక్కన అదృష్టవంతుడైన ఆస్థానకవి అనిపిస్తుంది. కాని కొలువులో కష్టం తర్వాత వచ్చింది. అక్కన, బయ్యన అనే వాళ్ళు మనుమసిద్ధిని గద్దె దించి రాజ్యం ఆక్రమించారు. రాజు పోయిన మంత్రికి రెండే దారులు ఉంటాయి. కొత్త యజమానికి దండం పెట్టడం ఒకటి. లోకం మీద విరక్తి వచ్చిందని చెప్పి ఏ గుళ్ళోనో కూర్చోవడం రెండోది. రెండోది పైకి చాలా గొప్పగా కూడా కనిపిస్తుంది. తిక్కన రెండూ చెయ్యలేదు. ఓరుగల్లు బయలుదేరాడు.

ఆ ప్రయాణం సంగతి కాసె సర్వప్ప రాసిన సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. కాకతీయ గణపతిదేవుడి సభలో తిక్కన భారత కథ వినిపించాడనీ, శాస్త్రవాదాలు చేశాడనీ, రాజు మెచ్చి ఏం కావాలని అడిగితే తనకోసం ఏమీ అడగక తన రాజు కష్టం చెప్పుకున్నాడనీ ఆ గ్రంథం కథనం. గణపతిదేవుడు సైన్యంతో వచ్చి అక్కన బయ్యనలను ఓడించి మనుమసిద్ధిని మళ్ళీ గద్దె ఎక్కించాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పుణ్యం కోసం వినే భారతాన్ని తిక్కన పనికోసం వినిపించాడు. దానివల్ల భారతం మైలపడలేదు, పని చెడలేదు. భక్తి ఒక గదిలో, ఉద్యోగం ఇంకొక గదిలో పెట్టి మధ్యలో తలుపు బిగించుకునే మనస్తత్వం ఆయనది కాదు.

అయితే కొలువు అంటే గెలుపులు మాత్రమే కాదు. ఇక్కడ నేనొక చేదు కథ కూడా చెప్పాలి. మన పశ్చిమ నెల్లూరు వాళ్ళకి, ముఖ్యంగా పశువులున్న ఇళ్ళవాళ్ళకి, ఈ కథ మంచిచెడ్డలు బాగా అర్థమవుతాయి. అదే కాటమరాజు కథ. వాన లేక గడ్డి ఎండిపోయి యాదవుల నాయకుడు కాటమరాజు ఆలమందలను తోలుకుని నెల్లూరు రాజు బీళ్ళకు వచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరి కింద కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. తర్వాత తగాదా వచ్చింది. కారణం గాయకులు రకరకాలుగా పాడతారు. రాజు వైపువాళ్ళు ఆవులను చంపారనీ, అందుకే కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడనీ కథ. చివరికి పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర పోరు జరిగింది.

ఆ పోరులో నెల్లూరు సేనను నడిపినవాడు తిక్కన పెదతండ్రి సిద్దన కొడుకు. ఆయన పేరూ తిక్కనే. కత్తి పట్టినవాడు కాబట్టి ఖడ్గతిక్కన అంటారు. సైన్యం విరిగి ఆయన ఇంటికి తిరిగివస్తే భార్య స్నానానికి నులకమంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచిందనీ, తల్లి విరిగిన పాలు వడ్డించిందనీ, ఆ అవమానం భరించలేక మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ప్రాణం ఇచ్చాడనీ జనం చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఈ కథ వినేటప్పుడు మనందరికీ రోషం వస్తుంది. ఇప్పుడు ఆలోచిస్తే రోషం కంటే బాధ ఎక్కువగా కలుగుతుంది. గడ్డి ఎండిపోవడం ఎవరి తప్పు? కరువులో మందను తోలుకొచ్చినవాడు ఒక పక్క, పన్ను రాకపోతే రాజ్యం నడవని రాజు ఒక పక్క. మధ్యలో చచ్చింది మనుషులూ ఆవులూ.

ఈ రాజుకే మన కవితిక్కన మంత్రి. పనీ భక్తీ సమన్వయం అని మనం తేలికగా ఉపన్యసిస్తాం గాని, చేసే పనిలోనే మంచిచెడ్డలు కలగాపులగమైనప్పుడు ఏమిటి దారి? ఫలాపేక్ష లేకుండా కర్తవ్యం చెయ్యి అంటే, అధికారి ఏది చెప్పినా తలవంచి చెయ్యమని అర్థమా? అలా అర్థం చేసుకుంటే గీతంత ప్రమాదకరమైన పుస్తకం ఇంకొకటి ఉండదు. అన్నదమ్ముణ్ణి పోగొట్టుకున్న ఇంట్లో ఈ ప్రశ్న పుట్టి ఉండదని నేననుకోలేను. దానికి తిక్కన ఎక్కడా ప్రత్యేకంగా జవాబు రాసిపెట్టలేదు. కాని ఆయన రాసిన భారతంలో ఆ ప్రశ్న నీడ నాకు కనిపిస్తుంది.

భారతం తెలుగు చెయ్యడం 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. విరాటపర్వం అంటే ఏమిటి? రాజులు ఉద్యోగాలు చేసే కథ. ధర్మరాజు ఇంకొక రాజు దగ్గర జూదంలో తోడు కూర్చున్నాడు. భీముడు వంటశాలలో గరిటె పట్టాడు. అర్జునుడు ఆడపిల్లలకు నాట్యం నేర్పాడు. నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను చూశారు. ద్రౌపది రాణిగారికి జడలు వేసింది. వాళ్ళు కొలువుకు బయలుదేరే ముందు పురోహితుడు ధౌమ్యుడు రాజుల దగ్గర ఎలా మసలుకోవాలో బోధిస్తాడు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఏ రహస్యం ఎవరికి చెప్పకూడదు, ఎవరితో చనువు పనికిరాదు అన్నీ అందులో ఉన్నాయి. ఈ భాగం తిక్కన రాస్తుంటే పుస్తకం చూసి రాసినట్టు ఉండదు. దశాబ్దాలు కొలువు చేసి అరిగిన మనిషి తమ్ముడికి చెప్పినట్టు ఉంటుంది. ఆ పర్వం చివరన జరిగే యుద్ధం కూడా ఆలమందల కోసమే. పాలేటి పోరు తెలిసిన నెల్లూరు వాళ్ళకు ఆ గోగ్రహణం కథ ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంకొక విశేషం. భీష్మపర్వంలో భగవద్గీత వస్తుంది. సంస్కృతంలో పద్ధెనిమిది అధ్యాయాలు, ఏడువందల శ్లోకాలు. తిక్కన దాన్ని బాగా కుదించి కొద్ది పద్యాలలో ముగించాడు. ఎందుకలా చేశాడని పండితులు చాలా రాశారు. వేదాంతం కథకు అడ్డమవుతుందని ఒకరు, శాస్త్రాన్ని తెనిగించడం ఉచితం కాదనుకున్నాడని ఒకరు. నా అల్పబుద్ధికి తోచేది వేరు. సేద్యం తెలియనివాడికి సేద్యం గురించి గంట చెప్పాలి. రైతుకు మేఘం చూపిస్తే చాలు. బతుకంతా కర్తవ్యంలో గడిపిన మనిషికి కర్మయోగం సారం నాలుగు మాటల్లో ఇమిడిపోయి ఉంటుంది. గీతను కుదించినవాడు శాంతి, ఆనుశాసనిక పర్వాల్లోని ధర్మచర్చను వదిలిపెట్టలేదు. అంటే ధర్మం మీద విసుగు కాదన్నమాట.

సంస్కృత శాంతిపర్వంలోనే తులాధారుడి కథ ఒకటుంది. జాజలి అనే ముని కదలకుండా తపస్సు చేస్తే తలమీద పిట్టలు గూడు కట్టుకున్నాయి. తనంతటి ధర్మాత్ముడు లేడని పొంగిపోయాడు. కాశీలో ఒక వర్తకుడున్నాడు, ఆయన నీకంటే గొప్పవాడు అని ఆకాశం నుంచి వినబడింది. వెళ్ళి చూస్తే ఆయన అంగట్లో కూర్చుని సరుకులు తూచి అమ్ముతున్నాడు. ఆయన చేసే తపస్సంతా తక్కెడ అందరికీ సమానంగా పట్టుకోవడమే. మునికి వర్తకుడు ధర్మం బోధించాడు. మన హిందూ సంప్రదాయంలో సన్న్యాసాన్ని పొగిడే కథలు వంద ఉంటే, ఇలా చేతిలో పని ఉన్నవాణ్ణి గురువుగా కూర్చోబెట్టిన కథలూ ఉన్నాయి. తిక్కన ఈ రెండో వరుసలో నిలబడే మనిషి.

ఇక ఆయన భక్తి సంగతి. తిక్కన యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. అది వేదమార్గం. కాని ఆ కాలం అంత ప్రశాంతమైంది కాదు. 12వ శతాబ్ది చివర పలనాటి వీరుల యుద్ధంలో శైవ వైష్ణవ వైరం కూడా కలిసిందంటారు. 13వ శతాబ్దంలో వీరశైవం ఉధృతంగా ఉంది. శివుడు గొప్పా, విష్ణువు గొప్పా అని మనుషులు విడిపోతున్న రోజులు. తిక్కన తన భారతాన్ని రాజుకు ఇవ్వలేదు. శైవులకూ వైష్ణవులకూ పంచలేదు. శివకేశవులు ఒక్కటైన హరిహరనాథుడికి అంకితం చేశాడు. తండ్రి కొమ్మన కలలో కనిపించి హరిహరనాథుడి ఆనతి తెలిపాడని, ఆ స్వామి కూడా దర్శనమిచ్చి కృతి స్వీకరించాడని విరాటపర్వం పీఠికలో ఆయనే వివరించాడు. మొదటి కావ్యం రాజుకు, రెండోది దేవుడికి. అంకితం మారింది గాని రాసే చెయ్యి మారలేదు. రాజుకు రాసినప్పుడు ఎంత శ్రద్ధ పెట్టాడో, దేవుడికి రాసినప్పుడూ అదే శ్రద్ధ. ఈ చిన్న విషయంలోనే సమన్వయమంతా ఉందని నేననుకుంటాను.

మంత్రిగా రాజ్యం కలిపి ఉంచాలని చూసినవాడు కాబట్టే కవిగా దేవుళ్ళను కలిపి చూశాడేమో. మన అనుమసముద్రంపేటలో దర్గాకు వచ్చే జనాన్ని చూసినప్పుడు ఈ మాట నాకు ఇంకా నిజమనిపిస్తుంది. ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా దగ్గర ముస్లిములతోపాటు హిందువులూ వరుసలో నిలబడతారు. పొద్దున పొలానికి నీళ్ళు పెట్టి, మధ్యాహ్నం దర్గాకు వచ్చి, సాయంకాలం ఊళ్ళో రామాలయంలో దీపం పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ హరిహరనాథ తత్వం చదవలేదు. అవసరమూ లేదు.

భారతం రాసేటప్పటి ఒక కథ అందరికీ ఇష్టమైనదే. తిక్కన పద్యాలు చెబుతుంటే రాసినవాడు గురునాథుడు. కుమ్మరి కులంవాడని ప్రతీతి. ఎక్కడా తడుముకోకుండా చెబుతానని తిక్కన, ఎక్కడా ఆపకుండా రాస్తానని గురునాథుడు పంతం. ఒకచోట పద్యం అందక తిక్కన ఏం చెప్పేది అని గురునాథుణ్ణే అడిగాడు. ఆయన ఆపకుండా అదీ రాసేశాడు. తీరా చూస్తే ఆ మాటే సంధి కుదిరి, సంజయుడు కురురాజును పిలిచే పిలుపుగా పద్యంలో చక్కగా అతికిపోయింది. జరిగిందో లేదో గాని ఈ కథలో ఒక సత్యం ఉంది. సోమయాజి అయిన మంత్రి, చక్రం తిప్పే కులంలో పుట్టిన రాయసగాడు ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప ఆ భారతం తాటాకు ఎక్కలేదు. కవి పేరు మిగిలింది, రాసిన చెయ్యి పేరు కూడా జనం మరవలేదు. పని చేసినవాడి పేరు మిగలడం మన దేశంలో అరుదే కదా!

నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి ఉంది. ఆ చుట్టుపక్కలే కూర్చుని తిక్కన భారతం రాశాడని స్థానికులు చెబుతారు. సోమశిల మీదుగా, మన ఆత్మకూరు సీమ పక్కగా, సంగం దాటి వచ్చే నీళ్ళే అవి. అంటే మన చేలను తడిపే నదే ఆ గంటం చప్పుడు కూడా విన్నదన్నమాట.

చివరి రోజులు అంత సుఖమైనవి కావు. 1263 ప్రాంతంలో పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు దండెత్తి వచ్చాడు. ముత్తుకూరు దగ్గర జరిగిన పోరులో మనుమసిద్ధి పడిపోయాడు. పాండ్యుడు నెల్లూరులో వీరాభిషేకం చేసుకున్నాడు. ఏ గద్దె నిలబెట్టడానికి తిక్కన ఓరుగల్లు దాకా నడిచాడో ఆ గద్దె కూలిపోయింది. లెక్క చూస్తే మంత్రిగా ఆయన ఓడిపోయినట్టే. ఫలం మన చేతిలో లేదనే మాట పుస్తకంలో చదివితే తియ్యగా ఉంటుంది. బతుకులో వస్తే ఇలా ఉంటుంది. చేతికొచ్చిన పంట తుఫానుకు పోయిన ఏడాది మా ఇళ్ళల్లో ఎవరూ గీత పారాయణం చెయ్యరు. కాని మళ్ళీ ఏరువాక వచ్చేసరికి ఎద్దులకు పసుపు కుంకుమ పెట్టి, నేలకు మొక్కి, విత్తనం చల్లుతారు. దాన్ని మేం నిష్కామకర్మ అనం. వ్యవసాయం అంటాం.

ఆ రాజ్యం పోయి ఏడున్నర శతాబ్దాలు దాటింది. మనుమసిద్ధి పేరు ఇవాళ తెలుగువాళ్ళకు గుర్తుందంటే తిక్కన వల్లనే. ఆయన గురించి ఆయన కాలంలోనే కేతన దశకుమారచరిత్ర రాసి అంకితమిచ్చాడు. ఆ వంశం సంగతులు మనకు తెలిసింది ఎక్కువగా ఆ పుస్తకం వల్లే. శిష్యుడు మారన మార్కండేయపురాణం తెలుగు చేశాడు. కొలువు చేస్తూ, యజ్ఞం చేస్తూ, పదిహేను పర్వాలు రాస్తూ ఇంకొకళ్ళను కవులుగా తయారుచెయ్యడానికి ఆయనకు తీరిక ఎక్కడిదో! తీరిక లేదని తప్పించుకునే మనబోటివాళ్ళం కొంచెం సిగ్గుపడవలసిన విషయమే.

పరీక్షల ముందు గుడి మెట్లెక్కి, ఫలితాలు వచ్చాక దేవుణ్ణి మరిచిపోవడం మనలో చాలామందికి అలవాటు. కొందరు దీనికి విరుద్ధం. ప్రయోగశాలలో రికార్డు వదిలేసి భజనలో కూర్చుని, చదువంతా మాయ అంటారు. తిక్కన జీవితం ఈ రెండు పక్షాలకీ జవాబు అని నా నమ్మకం. చేసే పనిలో సరిగ్గా కొలవాలి. తూనిక తప్పకూడదు, రీడింగు తప్పు రాయకూడదు, ఎవరి వాటా వాళ్ళకు చేరాలి. ఆ పని తప్పుదారి పడుతుంటే చూస్తూ ఊరుకోకుండా మనసులో ప్రశ్న సజీవంగా ఉంచుకోవాలి. ఆ తర్వాత, మిగిలిన బలమంతా పెట్టి, మనకంటే పెద్దదైన దేనికో ఒకదానికి మన పనిని అంకితం చెయ్యాలి. ఆ పెద్దదాన్ని కొందరు హరిహరనాథుడంటారు, కొందరు సత్యమంటారు, కొందరు ఊరు అంటారు.

డిగ్రీ పూర్తిచేసి రేపు మనం తలా ఒక కొలువుకు పోతాం. కొందరు బ్యాంకుకు, కొందరు బడికి, కొందరు తిరిగి పొలానికి. ఎక్కడికి పోయినా చేతిలో ఒక కుంచం ఉంటుంది. దాన్ని తలకొట్టి కొలవడమే మన మొదటి పూజ.